అత్తగారి క్లాసులో అల్లుడు

ఎమర్సన్ లిటిల్ షీల్డ్ నలభై ఆరో ఏట కాలేజీలో చేరాడు. అంతకుముందు అమెరికాలోని దక్షిణ డకోటాలో తెల్లవాళ్ల పశువుల క్షేత్రాలకు కంచెలు వేసి బతికాడు. నడుము పట్టేశాక ఆ పని మానక తప్పలేదు. ఆ ఏడాదే మా లకోటా తెగవాళ్లు తమ అడవిదున్నల మందకు, అవి మేసే బయలుకు ఒక పర్యవేక్షకుడు కావాలని ప్రకటించారు. ఆ బయలులో ఎమర్సన్‌కు తెలియని గుట్ట లేదు. కానీ ఉద్యోగం కావాలంటే తెగ కాలేజీలో పచ్చికబయళ్ల కోర్సు పాసై ఉండాలన్నారు.

వాషింగ్టన్ వాళ్లు 1994లో మా తెగల కాలేజీలకు కూడా ల్యాండ్ గ్రాంట్ హోదా ఇచ్చారు. పాతరోజుల్లో ఆ హోదా వచ్చిన రాష్ట్ర విశ్వవిద్యాలయాలకు భూములు దక్కాయి. అవి ఎవరి భూములో ఇక్కడ ఏ పిల్లాణ్ని అడిగినా చెబుతాడు. మా వంతు వచ్చేసరికి భూమి ఇవ్వలేదు, నిధులిచ్చారు. ఆ నిధులతో మొదలైన కోర్సుల్లో ఇదొకటి. దాన్ని చెప్పేది ఒక్కరే, ఆర్డెల్ స్టాండింగ్ ఎల్క్. గడ్డి మొక్కల మీద డాక్టరేట్ చేసిన మనిషి. ఎమర్సన్ భార్య డార్లాకు కన్నతల్లి.

మాలో అల్లుడు అత్తగారితో మాట్లాడడు, ముఖం చూడడు. ఆవిడా అంతే. అది పగ కాదు, మర్యాద. ఈ కాలంలో చాలా ఇళ్లలో పోయింది గాని ఆర్డెల్ ఇంట్లో పోలేదు. పక్కపక్క ఇళ్లలో ఉంటూ, పెళ్లయినప్పటి నుంచి వాళ్లిద్దరి మధ్య ఒక్క మాట నడవలేదు. ఆవిడ సూప్ కాస్తే గిన్నె కూతురి చేతికి వచ్చేది. ఆవిడ ఇంటి కప్పు కారితే, ఆవిడ ఊళ్లో లేని రోజు చూసి ఎమర్సన్ బాగుచేసేవాడు.

చేరే ముందు భార్య చేత అడిగించాడు. కాలేజీ అందరిదీ, రావద్దనడానికి నేనెవరినని ఆర్డెల్ కూతురితో అంది. ఎక్కడ కూర్చోవాలో మాత్రం చెప్పలేదు.

మొదటి రోజు ఎమర్సన్ వెనక తలుపు దగ్గర కుర్చీని గోడవైపు తిప్పుకుని కూర్చున్నాడు. ఆర్డెల్ కిటికీ వైపు చూస్తూ పాఠం చెప్పింది. సందేహం వస్తే ఎమర్సన్ వెండెల్‌ను అడిగేవాడు. వెండెల్ డార్లాకు తమ్ముడు, ఆర్డెల్‌కు కడగొట్టు కొడుకు. అదే కోర్సు అప్పటికే రెండుసార్లు తప్పి, మూడోసారి చదువుతున్నాడు. వెండెల్ ఆ ప్రశ్నను తల్లికి చేరవేసేవాడు. ఆవిడ కొడుక్కి జవాబు చెబితే, గది చివర అల్లుడు రాసుకునేవాడు.

బావను ఆటపట్టించడం మాలో బావమరిదికి హక్కు కాదు, విధి. వెండెల్ ఆ విధిని ఎన్నడూ ఎగ్గొట్టలేదు. అతిగా మేసి బోడి అయిపోయిన నేల మళ్లీ మొలవడానికి ఎంతకాలం పడుతుందని ఎమర్సన్ ఒకసారి అడిగాడు.

"బోడిదైపోయాక మళ్లీ ఎప్పుడు మొలుస్తుందని అడుగుతున్నాడమ్మా," అన్నాడు వెండెల్. "నేల సంగతో, నెత్తి సంగతో చెప్పట్లేదు."

ఆర్డెల్ నేల సంగతి చెప్పింది.

నిధులు ఎలా ఖర్చవుతున్నాయో చూడటానికి బయటి నుంచి ఒకాయన వచ్చాడు. గోడవైపు తిరిగి కూర్చున్న పెద్దమనిషిని చూసి, శిక్ష వేశారా అని మెల్లగా అడిగాడు. పెళ్లి చేసుకున్నాడండీ అని వెండెల్ చెప్పాడు. ఆయన దాన్ని నివేదికలో రాశాడో లేదో తెలియదు.

అలా చలికాలం గడిచింది. మే నెల మొదట్లో బయలులో పరీక్ష పెట్టారు. ఆర్డెల్ మొక్కల పక్కన చిన్న జెండాలు పాతింది. ఒక్కొక్కరూ ఆవిడ వెంట నడుస్తూ మొక్క పేరు, అది పశువుకు చేసే మేలో కీడో చెప్పాలి. విషపు మొక్కల్లో ఒక్కటి తప్పు చెప్పినా కోర్సు మళ్లీ చదవాల్సిందే. కోర్సు మళ్లీ చదవడమంటే, ఎమర్సన్‌కు, ఉద్యోగం ఇంకొకరికి పోవడం.

ఎమర్సన్ వంతు వచ్చింది. ప్రతి జెండా దగ్గరా ఆర్డెల్ ముందే పక్కకు తప్పుకుని, అటు తిరిగి నిలబడేది. అతను మొక్కను ముట్టుకుని వెండెల్‌కు చెప్పేవాడు. వెండెల్ ఆవిడకు చెప్పేవాడు. చివరి జెండా దాకా అన్నీ సరిగానే వచ్చాయి. అక్కడ ఆర్డెల్ మోకాలు మడతపడింది. జెండా పక్కనే నేల మీద కూలబడింది. లేపబోయిన కొడుకును ఆగమంది, ముందు పరీక్ష కానిమ్మంది.

ఎమర్సన్ దూరంగా ఆగిపోయాడు. అక్కడి నుంచి సన్నటి ఆకులు మాత్రమే కనబడుతున్నాయి. అడవి ఉల్లికీ విషగడ్డకూ పూత రాకముందు ఆకులు ఒకేలా ఉంటాయి. వాసనే తేడా.

"అడవి ఉల్లి," అన్నాడు.

వెండెల్ మొక్క పక్కనే ఉన్నాడు. "విషగడ్డ అంటున్నాడమ్మా," అన్నాడు.

ఆర్డెల్ చెవులు బాగానే పనిచేస్తాయి. అయినా పద్ధతి ప్రకారం వెండెల్ నోట వచ్చిందే జవాబు. పెన్సిల్ ఎత్తి పట్టుకుంది గాని రాయలేదు. ఎమర్సన్ ఊరుకుంటే సరిపోయేది.

"ఉల్లి అన్నానని చెప్పరా," అన్నాడు.

"నోరు మూసుకో బావా. గట్టెక్కావు."

"చెప్పు."

వెండెల్ చెప్పాడు.

"దున్నలు కూడా అంత దూరం నుంచే చూసి మేస్తాయేమో అడుగు," అంది ఆర్డెల్.

"పెద్దావిడ పక్కన కూర్చుని ఉంటే అవీ దగ్గరికి రావని చెప్పు," అన్నాడు ఎమర్సన్.

ఆవిడ పెన్సిల్ దించింది. మిగతావాళ్లంతా మొక్కను ముట్టుకునే చెప్పారు, ఇతనికి తనే అడ్డంగా కూర్చుందని కొడుకుతో అంది. తర్వాత కోటు విప్పి తలమీదుగా మొహం కనబడకుండా కప్పుకుంది.

"రమ్మను."

ఎమర్సన్ వచ్చి మోకాళ్ల మీద కూర్చున్నాడు. కత్తితో గడ్డ తవ్వి, నలిపి, ముక్కు దగ్గర పెట్టుకున్నాడు. ఉల్లి వాసన లేదు. విషగడ్డ అని వెండెల్‌తో అన్నాడు. వెండెల్ ఆ మాట కోటుకు చెప్పాడు. ఎలా తెలిసిందో చెప్పమంది కోటు. ఎమర్సన్ చెప్పాడు. లేచి, మునుపు నిలబడిన చోటికి వెళ్లిపోయాక, ఇక తియ్యొచ్చమ్మా అన్నాడు వెండెల్.

ముట్టుకోకుండా చెప్పిన మొదటి జవాబుకు మార్కులు తీసేసింది గాని, ముట్టుకుని చెప్పిన రెండోదాన్నే అసలు జవాబుగా లెక్కవేసింది. ఎమర్సన్ గట్టెక్కాడు. అనని మాటను అన్నాడని చెప్పినందుకు వెండెల్‌కు మార్కుల్లో కోత పడింది. అతను మూడోసారి కూడా తప్పాడు.

ఉద్యోగం ఎమర్సన్‌కే వచ్చింది. మంద లెక్కలు రాసుకోవడానికి కాలేజీలో అతనికి గది కూడా ఇచ్చారు. అది ఆర్డెల్ గదికి ఎదురుగా ఉంది. ఎమర్సన్ తాళం తిరిగి ఇచ్చేసి, బల్లను ట్రక్కులో వేసుకుని దున్నల దొడ్డి పక్కనున్న గడ్డి షెడ్డుకు తీసుకుపోయాడు. ఇప్పటికీ అక్కడే పనిచేస్తున్నాడు. ఏటా వసంతంలో ఆర్డెల్ విద్యార్థుల్ని అక్కడికి తీసుకొస్తుంది. తను బండి దిగదు. విషపు మొక్కల గురించి సందేహాలుంటే తన దగ్గరికి మోసుకురావద్దని, లోపల ఆయన్నే అడగమని చెప్పి, కిటికీ అద్దం పైకి ఎక్కించుకుంటుంది.