మాస్టారి ఎర్రసిరా

జీవన్ కుమార్ మాస్టారు పుస్తకం ఎంచుకునే పద్ధతి చూసి తీరాలి. అట్ట చూడరు. రాసినవాడి ఫోటో చూడరు. స్టూలు మీద కూర్చుని మధ్యలోంచి మొదలుపెట్టి అటూ ఇటూ తిప్పుతూ ఒకే ఒక్క విషయం వెతుకుతారు. ఆ రాసినవాడు తాను ఎక్కడైనా ఓడిపోయినట్టు రాసుకున్నాడా లేదా అని. రాసుకోకపోతే పుస్తకం మూసి బల్ల మీద పెట్టేస్తారు. "తప్పు చెయ్యనివాడి దగ్గర మనం నేర్చుకునేదేం ఉంటుందండీ?" అనేవారు.

బందరులో కోనేరు సెంటరు దగ్గర నాది అద్దె పుస్తకాల షాపు. ఆడవాళ్లు టీవీ సీరియళ్లకు అతుక్కుపోయాక నవల అద్దెకు తీసుకునే నాథుడే లేకుండా పోయాడు. అప్పట్నుంచీ పోటీ పరీక్షల గైడ్లు, సెకండ్ హ్యాండ్ పుస్తకాలు అమ్ముకుని బతుకుతున్నాను. నా దగ్గర ఒక రూలు ఉంది. కొన్న పుస్తకం చదివేసి తిరిగి తెస్తే సగం ధర ఇచ్చేస్తాను, దాన్ని ఇంకొకరికి అమ్ముకుంటాను. తెచ్చిన పుస్తకం విప్పి చూసే అలవాటు నాకు లేదు. అట్ట ఊడకుండా ఉంటే చాలు. ఇది గుర్తుంచుకోండి, నా గొప్ప చెప్పుకోవడానికి చెప్పలేదు.

రెండువేల ఆరు దసరా సెలవులయ్యాక మాస్టారు నా షాపుకొచ్చి, అటూ ఇటూ చూసి, గొంతు తగ్గించి అడిగారు. "పిచ్చేశ్వరరావు గారూ, పోకర్ అనే పేకాట మీద ఇంగ్లీషు పుస్తకాలు తెప్పించగలరా అండీ?"

నాకు నవ్వాగలేదు. "పేకాటకి పుస్తకమేంటండీ మాస్టారూ? గుడివాడలో మా బావమరిదికి చదువే రాదు. క్లబ్బులో రోజూ గెలుస్తాడు."

"గెలిచిన రోజే మీకు చెప్తాడేమోనండి," అన్నారు నెమ్మదిగా.

ఆయనది దివిసీమ, నాగాయలంక అవతల పల్లె. ఉప్పెన ఏడాది తొమ్మిదేళ్లవాడు. ఇల్లు పోయి, మిషన్ హాస్టల్లో పెరిగారు. అక్కడ దొరలు వదిలేసిన ఇంగ్లీషు పుస్తకాల వల్లే మనిషినయ్యానని చెప్పుకునేవారు. పుస్తకం దొరికితే చాలు, లోకంలో ఏ విద్యైనా వస్తుందని ఆయన నమ్మకం. బందరులో ఒక ఎయిడెడ్ స్కూల్లో పన్నెండేళ్లుగా టెంపరరీగా ఇంగ్లీషు చెబుతున్నారు. జీతం ఎంతో చెప్తే మీరు నన్ను అబద్ధాలకోరంటారు. ఆ వేసవికి పర్మనెంటు ఇంగ్లీషు మాస్టారు రిటైరవుతున్నారు. ఆ పోస్టు కావాలంటే ఏప్రిల్ ఆఖరుకల్లా లక్షన్నర డొనేషన్ కట్టమని కరస్పాండెంటు గారు కబురుపెట్టారు. ఆ మరుసటేడు మాస్టారికి వయసు దాటిపోతుంది. అంటే ఇదే మొదటి ఛాన్సు, ఇదే ఆఖరుది.

పేకాటలోకి ఆయన వెళ్లిన దారి కూడా ఇంగ్లీషే. గుడివాడ దగ్గర చేపల చెరువులున్న శ్రీనివాసరావు గోవా వెళ్లి, పందెంలో డబ్బు బదులు పెట్టే రంగు రంగు బిళ్లల పెట్టె ఒకటి కొనుక్కొచ్చాడు. పెట్టెలో రూల్సు కాగితం ఇంగ్లీషులో ఉంది. అది చదివి చెప్పడానికి ఎవరి ద్వారానో మాస్టారిని పిలిపించాడు. ఆయన శనివారం మధ్యాహ్నం స్కూలు అవగానే పామర్రు మీదుగా బస్సెక్కి వెళ్లి, నల్లబల్ల లేదన్న మాటే గానీ, పాఠం చెప్పినట్టే చెప్పారట. మనిషికి రెండు ముక్కలు మూసి, మధ్యలో అయిదు ముక్కలు అందరికీ తెరిచి. పందేనికి హద్దు లేదు. ఎవరైనా, ఎప్పుడైనా, ముందున్న బిళ్లలన్నీ లోపలికి తోసెయ్యొచ్చు. అది చూసి మిగతావాళ్లు భయపడి డ్రాప్ అయితే, చేతిలో ఏమీ లేకపోయినా పందెమంతా వాడిదే. పాఠమయ్యాక మీరూ కూర్చోండన్నారు. ఆయన కూర్చున్నారు. వాళ్లు ఆడేది చూస్తే, గ్రామర్ రాకుండా వ్యాసం రాసే పిల్లలు గుర్తొచ్చారట.

"వాళ్లకి డబ్బుంది, విద్య లేదండి. నేను నేర్చుకుంటే?" అన్నారు నాతో. ఆ కళ్లలో ఆశ చూసి నేను కాదనలేకపోయాను. నిజం చెప్పాలంటే, ఏళ్ల తర్వాత ఒక మనిషి నా షాపుకొచ్చి పుస్తకం కోసం అంత ఇదిగా అడిగాడు. నాకు ముచ్చటేసింది.

మొదటి పుస్తకం విజయవాడ నుంచి తెచ్చాను. లావుగా ఉంది కదా, మంచిదే అయ్యుంటుందనుకున్నాను. నెల తిరక్కుండా ఆయన మళ్లీ వచ్చారు. "ఇది పందేనికి హద్దున్న ఆట గురించండి. ఇందులో నేర్చుకున్న ధైర్యం మన ఆటలో కొంప ముంచుతుంది." రెండోది హైదరాబాదు నుంచి తెప్పించాను. అది పోటీల గురించి. "పోటీలో బిళ్లలైపోతే లేచి ఇంటికెళ్లాలండి. మన ఆటలో జేబులోంచి ఇంకా తీసి పెట్టొచ్చు. అసలు ప్రమాదం అక్కడే ఉంది." ఆ మాట అన్నది ఆయనే.

అయినా రెండూ చదివారు. చదివినంత వరకు పనికొచ్చింది కూడా. ట్యూషన్లలో దాచుకున్న పదివేలతో మొదలుపెట్టిన మనిషి ఫిబ్రవరికల్లా తొంభై వేలు చేశారు. మూడో పుస్తకం ఖరీదు ఎక్కువ. నగదు ఆటకే ప్రత్యేకంగా రాసింది, హద్దు లేని ఆట. నా స్టూలు మీద రెండు గంటలు కూర్చుని తిరగేశారు. రాసినాయన ఒక అధ్యాయమంతా తన ఓటమి గురించే రాశాడట. "ఇదండీ పుస్తకమంటే!" అన్నారు. ఆటడబ్బులోంచి రూపాయి ముట్టుకోకూడదని ఆయన నియమం. అందుకని పాత రెండూ సగం ధరకి నాకిచ్చేసి, మిగతాది జీతంలోంచి కట్టారు. నేను ఆ రెండూ విప్పకుండా అరలో పెట్టేశాను.

వారం తిరక్కుండా శ్రీనివాసరావు కూతురికి ఎంసెట్ గైడు కోసం వచ్చి ఆ అర ముందు ఆగాడు. "బాబాయ్, ఇవి పేకాట పుస్తకాలా? రెండూ కట్టెయ్. ఒక మాస్టారు మమ్మల్ని ఉతికి ఆరేస్తున్నాడు."

ఆ మాస్టారెవరో నాకు తెలుసు. లోపల నవ్వుకున్నాను కూడా. శ్రీనివాసరావుకి ఇంగ్లీషు ముక్క రాదు, చదివి ఏం చేస్తాడులే అనుకున్నాను. రెండూ కట్టిచ్చాను.

మార్చిలో మాస్టారు ఓడిపోవడం మొదలైంది. ప్రతి సోమవారం స్కూలు వదలగానే నా దగ్గరికి వచ్చేవారు. చేతులకి సుద్ద కూడా కడుక్కునేవారు కాదు. చొక్కా భుజాల దగ్గర వదులైపోయింది. "అర్థం కావట్లేదండి. నాకు మంచి ముక్కలు పడితే అందరూ డ్రాప్ అయిపోతున్నారు. చేతిలో ఏమీ లేకుండా పందెం కాస్తే శ్రీనివాసరావు గారు వదలట్లేదు. నేను చదవని పాఠం ఏదో ఉంది. ఇంకో పుస్తకం చూడండి." చూశాను. ఇంకోటి, దాని మీద ఇంకోటి. ఇప్పుడు ఓటమి గురించి రాశాడా లేదా అని కూడా చూడట్లేదు, చేతికిచ్చింది పట్టుకెళ్లిపోతున్నారు. ఒక సోమవారం స్టూలు మీద కూర్చుని, పుస్తకం ఒళ్లో పెట్టుకుని, "నాకు బుర్ర లేదేమోనండి," అని ఏడ్చేశారు. ముప్పై ఎనిమిదేళ్ల మనిషి. నాకు ఏం చెయ్యాలో తోచక టీ తెప్పించాను.

ఏప్రిల్ మూడో వారంలో శ్రీనివాసరావు వచ్చి రెండు పుస్తకాలూ బల్ల మీద పడేశాడు.

"సగం ధర ఇవ్వు బాబాయ్. ఇంగ్లీషు నాకేం అర్థమై చావలేదు గానీ, ఆ ఎర్రసిరా మాత్రం భలే పనికొచ్చింది."

అతను వెళ్లాక విప్పాను. పేజీ పేజీకీ అంచుల్లో మాస్టారి చేతిరాత. తెలుగులో, ఎర్రసిరాతో, పిల్లల కాంపోజిషన్ పుస్తకాలు దిద్దినట్టు ఆయన తననే దిద్దుకున్నారు. 'మంచి ముక్కలు వస్తే నిటారుగా కూర్చుంటున్నావు. మానుకో.' 'ఓడిన మరుసటి ఆటలో తొందరపడతావు. రెండుసార్లు జరిగింది.' 'చేతిలో ఏమీ లేకుండా కాసేటప్పుడు కళ్లజోడు తుడుస్తున్నావు. తప్పు. మూడోసారి రాస్తున్నాను.' ఒక్కోదాని కిందా నీలం పెన్నుతో టిక్కు ఉంది, శ్రీనివాసరావు పెట్టింది. ఆ మనిషిని విప్పి, మడతలన్నీ చూపించి, ఎదురుగా కూర్చునేవాడికి సగం ధరకి అమ్మినవాణ్ణి నేను.

రెండ్రోజులకి, శనివారం మధ్యాహ్నం, మాస్టారు వచ్చారు. చేతిలో మూడు పుస్తకాలు. ముఖం తేటగా ఉంది. చాన్నాళ్లకి తల దువ్వుకుని కనిపించారు.

"ఇవన్నీ తీసేసుకోండి. మానేశానండి. నా దగ్గర అరవై రెండు వేలు మిగిలింది. కరస్పాండెంటు గారి కాళ్లావేళ్లా పడ్డాను. అరవై ఇప్పుడు, మిగతాది జీతంలో నెలనెలా పట్టుకుంటానన్నారు. సోమవారం కట్టెయ్యాలి. మానేస్తానని మా ఆవిడ స్వర్ణలతకి బైబిల్ మీద చెయ్యేసి చెప్పాను. నాకీ విద్య రాలేదండి. ఒప్పేసుకున్నాను. హాయిగా ఉంది," అన్నారు.

అక్కడితో నేను నోరు మూసుకోవాలి. పుస్తకాలు తీసుకుని, చేతిలో డబ్బులు పెట్టి, శుభమండీ అని పంపించాలి. ఆ పోస్టు ఆయనదైపోయేది. కానీ రెండ్రోజులుగా నాకు నిద్ర లేదు, అన్నం దిగలేదు. ఆ బరువు ఎవరి మీదైనా పెట్టెయ్యాలి. ఎదురుగా ఆయనే ఉన్నారు, పైగా నవ్వుతున్నారు.

"మాస్టారూ, మీకు విద్య రాకపోవడం కాదండీ. తప్పు నాది," అని మొత్తం చెప్పేశాను. పుస్తకం తెరిచి నీలం టిక్కులు చూపించాను. తిట్టండి, కొట్టండి అన్నాను.

ఆయన తిట్టలేదు. ఒక్కో పేజీ తిప్పుతూ నిలబడ్డారు. ముఖంలోకి రంగు ఎక్కడం నా కళ్లతో చూశాను. "అంటే నేను ఆడింది కరెక్టేనన్నమాట," అన్నారు. తర్వాత నా చెయ్యి పట్టుకుని, "ఎంత మంచి మాట చెప్పారండీ!" అన్నారు. నన్ను క్షమించేశారనుకుని నాకు కళ్లనీళ్లు తిరిగాయి. అంత తెలివితక్కువవాణ్ణి నేను.

"నేను కళ్లజోడు తుడిస్తే చేతిలో ఏమీ లేదనుకుంటారు. అంతే కదండీ? మంచి ముక్కలు పడినప్పుడు తుడుస్తాను."

అప్పటికి గానీ నాకు అర్థం కాలేదు. "వద్దు మాస్టారూ. మానేశారుగా. మీ ఆవిడకి మాటిచ్చారుగా."

"ఈ ఒక్క శనివారమేనండి. మొత్తం లక్షన్నరా కట్టేస్తే ఇంక ఎవరి కాళ్లూ పట్టుకోనక్కర్లేదు." గోడగడియారం చూసి, చెప్పులు వేసుకుంటూనే, "రెండున్నర గుడివాడ బస్సు పోయుంటుందా?" అన్నారు. చొక్కా పట్టుకుని ఆపి ఉండొచ్చు. గుమ్మం దాకా వెళ్లి, పిలిచి, ఊరుకున్నాను.

సోమవారం ఉదయం, స్కూల్లో డబ్బు కట్టాల్సిన వేళకి, ఆయన నా షాపు ముందు నిలబడి ఉన్నారు. లోపలికి రాలేదు.

"మొదటిసారి పనిచేసిందండి," అన్నారు. "చేతిలో మంచి ముక్కలు. కళ్లజోడు తుడిచాను. శ్రీనివాసరావు గారు వచ్చి పడ్డారు. ముందున్నది రెట్టింపయింది. ఆయన నా వంక అదోలా చూసి నవ్వారు. అప్పుడే లేచిపోవాల్సింది. ఇంకొక్కసారి అనుకున్నాను. ఆ తర్వాత ఆటలో చేతిలో ఏమీ లేకుండా ముందున్నదంతా తోసేశాను. వాళ్లు డ్రాప్ అవుతారని ఎదురుచూస్తున్నాను. ఎదురుగా ఏదీ సరిగ్గా కనపడట్లేదు. ఎందుకా అని చూసుకుంటే కళ్లజోడు నా చేతిలో ఉందండి."

"తెలిసి తీశారా?" అన్నాను.

"తెలియదండీ. నిజంగా తెలియదు. నాలుగోసారి. పిల్లల్ని ఊరికే కొట్టేవాణ్ణి. దిద్దిన తప్పే మళ్లీ చేస్తారేంట్రా అని," అన్నారు.

జూన్‌లో ఆ పోస్టులో వేరే ఆయన చేరారు. ఆయనకి హాజరుపట్టీ అప్పజెప్పింది, ఏ క్లాసులో ఏ పిల్లాడు ఎలా చదువుతాడో చెప్పింది మన మాస్టారే. కొత్తాయన వచ్చారు కాబట్టి ఇంక టెంపరరీ మాస్టారు అక్కర్లేదని తర్వాత నెలలో చెప్పేశారు. సామాను కట్టుకుని నాగాయలంక వెళ్లిపోయారు. అక్కడ రేవు దగ్గర చిన్న పిల్లలకి ఏబీసీడీలు చెబుతున్నారని, పుస్తకం ముట్టుకోవట్లేదని విన్నాను. ఎర్రపెన్ను వాడతారో లేదో అడగడానికి నాకు నోరు రాలేదు.

వెళ్లేముందు ఆయన భార్య స్వర్ణలత నా షాపుకొచ్చింది. ఎప్పుడూ రాని మనిషి. పవిట చెంగు చేత్తో నలుపుతూ నిలబడింది.

"అన్నయ్య గారూ, ఒక మాట అడుగుదామని వచ్చానండి. ఆ శనివారం మానేస్తానని నాకు మాటిచ్చి, మీ పుస్తకాలు మీకిచ్చేసి వస్తానని ఇంట్లోంచి బయల్దేరారండి. అన్నం వడ్డించి కూర్చున్నాను. ఇక్కడికొచ్చాకే మనసు మారింది. ఎంతడిగినా మీ పేరు చెప్పరు, 'పుస్తకంలో చూశాను' అంటారంతే. ఏ పుస్తకమండీ అది? ఒక్కసారి చూడాలి."

మాస్టారు నా పరువు కాపాడారు. చెప్పడానికి నోరు తెరిచాను. ఒకసారి నిజం చెప్పినందుకే ఇంత జరిగింది, మళ్లీ ఎందుకని నాకు నేను సర్దిచెప్పుకున్నాను. అది సాకని నాకు తెలుసు. భయపడ్డాను, అంతే.

లేచి వెళ్లి, ఆ ఎర్రసిరా పుస్తకాలు వదిలేసి, అరలోంచి చేతికందిన వేరే పుస్తకం ఒకటి తీసి ఇచ్చాను. ఆమె దాన్ని రెండు చేతులతో పట్టుకుని, ఒక్కో పేజీ తిప్పుతూ, చదవడం రాని ఇంగ్లీషులో చాలాసేపు వెతికింది.