మగ్గం గదిలో పెట్టె వేడి

మా ఇంట్లో ఏ వస్తువూ ముసుగు లేకుండా ఉండదు. టీవీకి ఒకటి, మిక్సీకి ఒకటి. ధర్మవరంలో నేసేవాళ్ల ఇళ్లలో పట్టుముక్క పారేయడానికి చేతులు రావు. అందుకే మనవరాలికి కంప్యూటరు వచ్చిన వారానికే, బల్ల కింద ఉండే నల్ల పెట్టెకు దిండుకు కుట్టినట్టు ఒక గలీబు కుట్టాను. ముందువైపు మీట నొక్కడానికి మాత్రం చిన్న సందు వదిలాను. దుమ్ము పడితే పాడైపోతుందని నా భయం.

మనవరాలు దాంట్లో చీర అంచులకు బొమ్మలు గీస్తుంది. హిందూపురం నుంచి కూడా పని వస్తుంది. ఇంకో గది లేక దాన్ని మగ్గం గదిలోనే మూలకు, గోడకు ఆనించి పెట్టాము.

ఆ ఎండాకాలం మగ్గం మీద పెళ్లిచీర ఉంది. కొడుకు మగ్గం కింది గుంతలో కాళ్లు పెట్టి నేస్తుంటే పోగులు టపటపా తెగడం మొదలుపెట్టాయి. పట్టు పొడిగాలికి ఓర్చుకోదు. ఎండాకాలం వస్తే పొద్దున్నే గుంతలో నీళ్లు చల్లుతాం, కిటికీకి తడిగుడ్డ కడతాం. ఆ ఏడు ఎన్ని నీళ్లు చల్లినా గంటలో ఆరిపోయేవి. తెగిన ప్రతి పోగునూ ముడేయాలి. ముడులు మరీ ఎక్కువైతే షావుకారు చీరను తీసుకోడు.

"మా, గదంతా దీని వేడే. ఈ పెట్టన్నా ఉండల్ల, మగ్గమన్నా ఉండల్ల" అన్నాడు కొడుకు.

"నేనేం ఆటలాడుతాండానా నాయనా? నాదీ పనే" అంది మనవరాలు. "ఏసీ పెట్టిస్తే సరిపోతాది."

"ఏసీ గాలికి పట్టు ఇంకా ఎండుతాది, తెలుసా?"

"కరెంటు వేడి తగ్గించేదానికి ఇంకింత కరెంటా!" అన్నాను నేను.

మరునాడు పెట్టె కింద ఊడుస్తుంటే చెయ్యి తగిలింది. పెనం అంచులా కాలింది. మనవరాలు వచ్చి వెనక్కి వంగి చూసింది.

"అవ్వా, గాలి పోయే కంతలన్నీ మూసేసినావు కదా! దానికి ఊపిరాడొద్దా?"

గలీబు ఊడదీశాను. పెట్టె రొద తగ్గింది. ఇక అయిపోయిందనుకున్నాను. సాయంత్రం మళ్లీ పోగులు తెగాయి. పెట్టె చల్లబడింది గానీ గది చల్లబడలేదు. మూత తీస్తే కుండలోని ఆవిరి ఇంట్లోకే కదా వచ్చేది!

నా చదువు మూడో తరగతితో ఆగింది. పొయ్యి ముందు కూర్చున్న ఏళ్లు మాత్రం చాలానే. స్టూలు వేసుకుని ఒక రోజంతా ఆ పెట్టెను చూస్తూ కూర్చున్నాను. మనవరాలు అన్నానికి లేచింది. కాసేపటికి తెర నల్లబడింది. పెట్టె వెనక చెయ్యి పెడితే వేడిగాలి వస్తూనే ఉంది.

"ఏం పాపా, తెర ఆరిపోయినా లోపల నడస్తానే ఉండాదా?"

"అవునవ్వా. ఆపితే మళ్లా మొదలయ్యేదానికి టైం పడతాదని రాత్రీ పగలూ అట్లే వదిలేస్తా."

"అన్నం దించినాక పొయ్యిలో కట్టెలు ఎగదోస్తావా? అది ఎంత కరెంటు తింటే అంత వేడి కక్కుతాది. పని లేనప్పుడు ఆర్పేయ్."

మొహం ముడుచుకుంది గానీ ఆపింది. చిన్న పనులకు లేచినప్పుడు దాన్ని నిద్రపుచ్చడం నేర్చుకుంది. తెర వెలుగు తగ్గించింది. పెట్టెకు ఎక్కువ శ్రమయ్యే పనేదో ఉంటుందట, బొమ్మకు రంగులన్నీ నింపి తేల్చేది. దాన్ని తెల్లవారుజామున, మగ్గం ఎక్కకముందే ముగించమన్నాను.

పెనుకొండలో మా అమ్మ పొయ్యిని కిటికీ కిందే పెట్టేది, పొగతో పాటు వేడీ బయటికి పోతుందని. అది గుర్తొచ్చి పెట్టెను మూలనుంచి లాగించి, దాని వీపును గది వెనక కిటికీ వైపు తిప్పించాను. తడిగుడ్డను మగ్గం వైపు కిటికీకి కట్టాను. గుంతలో నీళ్లు మధ్యాహ్నం దాకా ఆరలేదు. పోగులు తెగడం ఆగిపోలేదు, ఎప్పుడో ఒకటి. కొడుకు మళ్లీ పెట్టె మాట ఎత్తలేదు.

నేత ముగిసి మగ్గం మీంచి చీర కోసిన రోజు షావుకారు వచ్చాడు. చీరను తిరగేసి, వేళ్లతో తడుముతూ పోయాడు. సగం దాకా వేలికి ముడులు తగిలాయి. తర్వాత నున్నగా సాగింది.

"ఏమప్పా, మొదట్లో ఏమైంది?"

మనవరాలు నా వైపు చూసింది. నేను నేల చూశాను.

"ఎండ, అన్నా" అన్నాడు కొడుకు.

షావుకారు ఇంకోసారి తడిమి, చీర మడిచి సంచిలో పెట్టుకున్నాడు.