భాయ్ పాఠాలు, నా చేతిరాత

తెలంగాణ రాకముందు, జనం ఇంటర్నెట్ కోసం గంట లెక్కన సెంటర్లలో కూర్చునే రోజులవి. గోదావరిఖనిలో ఒక కంప్యూటర్ ఇన్‌స్టిట్యూట్‌లో పాఠాలు చెప్పడానికి చేరాను. నాకు డిగ్రీ ఉంది, సర్టిఫికెట్ ఉంది, రెండింటినీ మించిన పొగరు ఉంది. అక్కడ వెబ్ పేజీలు తయారుచేయడం నేర్పేది భాయ్. అందరూ ఆయన్ని అలాగే పిలిచేవారు. ఇంటర్ తప్పి, టీవీ రిపేరు షాపులో పనిచేస్తూ తనంతట తానే నేర్చుకున్న మనిషి. రోజూ కమాన్‌పూర్ నుంచి షేర్ ఆటోలో వచ్చేవాడు. పుస్తకం ముట్టగా నేను చూడలేదు.

ఒకరోజు ఇన్‌స్టిట్యూట్ నడిపే సార్ నన్ను పిలిచారు. "చేరేటోళ్లందరు డిగ్రీ ఉన్నోళ్లే చెప్పాలంటున్నరమ్మా. భాయ్‌ని ఉంచాల్నా వద్దా అని ఆలోచిస్తున్న. ఆయన చేసిన మన ఇన్‌స్టిట్యూట్ వెబ్ పేజీ రూల్స్ ప్రకారం ఉన్నదో లేదో చూసి చెప్పు" అన్నారు.

వెబ్ భాషకు ప్రపంచమంతా ఒప్పుకున్న నియమాలుంటాయి. పేజీని వాటితో సరిచూసే సైటు ఒకటుండేది. అందులో వేస్తే తెర నిండా భాయ్ తప్పులే. కొత్త బిచ్చగాడు పొద్దెరగడంటారు, నాకది సరిగ్గా సరిపోతుంది. వరసబెట్టి దిద్దేశాను. కోడ్‌లో పేజీ మొదలుకాకముందే, చూసేవాళ్లకు కనబడకుండా, అన్నిటికన్నా పైన ఒక చుక్కల వరుస రాసి ఉంది. అర్థంలేని చెత్త అనుకుని దాన్నీ తీసేశాను.

మర్నాడు చూస్తే కుడిపక్కన ఉండాల్సిన ఫోటోలన్నీ కిందికి జారిపోయాయి. మా దగ్గరున్న పాత కంప్యూటర్లన్నిటిలోనూ అదే తంతు. గంటసేపు కుస్తీ పట్టాను. భాయ్ వచ్చి చూసి, "పైన చుక్కలు తీసినవా చెల్లె?" అన్నాడు. మళ్లీ పెట్టగానే ఫోటోలు వాటి జాగాకు వచ్చేశాయి.

"గవి పైన ఉంటే ఈ బ్రౌజర్ పాత లెక్కల నడుస్తది. తీస్తే కొత్త లెక్క పట్టుకుంటది. ఫోటోలుండే డబ్బాలు వెడల్పయితయి, జాగ సరిపోక కింద పడ్తయి."

"ఇది ఎక్కడ రాసుంది భాయ్?"

"యాడ రాసి లేదు."

సాయంత్రం ఇంట్లో చెబితే నాన్న నవ్వలేదు. గనిలో పైకప్పు కూలకుండా దుంగలు నిలబెట్టే పని ఆయనది. "ఎందుకు పెట్టిన్రో తెల్వకుంట సపోర్టు తియ్యద్దు బిడ్డా" అన్నాడు. నాకు సిగ్గేసింది.

ఆ నియమాలు రాసే పెద్దలు ఈమెయిళ్లలో వాదించుకునే గుంపు ఒకటుండేది. భాయ్ చుక్కల సంగతి అందులో రాశాను. వారం రోజులు కొట్టుకున్నారు. నియమమంటే ఎలా ఉండాలో చెప్పేదని, ఇలాంటి చిట్కాలకు అందులో చోటు లేదని కొందరు. జనం వాడే బ్రౌజర్లు నిజంగా చేస్తున్నదేదో రాయకపోతే ఆ నియమం ఎవరికి పనికొస్తుందని ఇంకొందరు. చివరికొకాయన అడిగాడు, ఇలాంటివన్నీ ఎవరైనా ఒకచోట రాసిపెట్టారా అని.

నాకు దారి దొరికిందనిపించింది. భాయ్‌కి తెలిసిందంతా రాసి సార్ ముందు పెడితే ఆయన విలువ తెలుస్తుంది, ఉద్యోగం నిలుస్తుంది. నిజంగా అలాగే అనుకున్నాను. పది రోజులు క్లాసులయ్యాక భాయ్ చెబుతుంటే నేను రాసుకున్నాను. ఒక్కటీ దాచుకోలేదు. మరిచిపోయినవి మర్నాడు గుర్తుతెచ్చుకుని మరీ చెప్పాడు.

నోటుబుక్కు ఇస్తే సార్ చివరిదాకా తిప్పి చూశారు. ఆయన ముఖం వెలిగిపోయింది. "శాన మంచి పని చేసినవమ్మా. అంత ఇందులనే ఉన్నది. ఇగ ఆయన లేకున్నా ఫికర్ లేదు."

బతిమాలాను, పోట్లాడాను కూడా. వినలేదు. నెలాఖరు తర్వాత భాయ్‌ని రావద్దన్నారు.

చివరి రోజు భాయ్ ముందు నిలబడి ఏడ్చేశాను. "గిట్లయితదని నాకు తెల్వదు భాయ్."

"నాకు తెల్సు చెల్లె. నువ్వు రాసుడు షురూ చేసిన దినమే తెల్సు."

"మరెందుకు చెప్పినవు?"

"నాకు ఎవ్వరు చెప్పలే. ఒక్క చుక్కల కోసమే నెల రోజులు తండ్లాడిన. రేపు ఈ పిల్లలకు చెప్పేది నువ్వేనాయె. వాళ్లు గూడ గట్లనే తండ్లాడాల్నా?"

సోమవారం నుంచి ఆ క్లాసు నేనే చెప్పాను.