జెండా పాట మీద యమున పరిశోధన

పొలిటికల్ సైన్స్‌లో ఎం.ఏ. చేసి ఎకనామిక్స్‌లో పీహెచ్‌డీ చేస్తానన్న అమ్మాయిని హన్మకొండలో ఎవరూ మెచ్చుకోలేదు. "ఉన్న సబ్జెక్టుకేం రోగమొచ్చింది?" అన్నవాళ్లే ఎక్కువ. యమున మొండిది. పాత పుస్తకాల దుకాణంలో ఇంటర్ లెక్కల పుస్తకం కొనుక్కొచ్చి, ఇరవై ఆరేళ్ల వయసులో మొదటి పాఠం నుంచి మొదలుపెట్టింది. డిఫరెన్షియేషన్ దగ్గర నిజంగానే ఏడ్చింది.

ఈ పంతానికి కారణం ఎనుమాముల వ్యవసాయ మార్కెట్. తండ్రి ఉప్పలయ్య అక్కడ హమాలీ. మిర్చి సీజన్‌లో పొద్దున్నే యార్డులో జెండా పాట జరుగుతుంది. అన్నిటికంటే మేలైన సరుకుకు వ్యాపారులు పాడే పైధర అది. పేపర్లో వచ్చేదీ అదే. దాన్ని నమ్ముకుని పరకాల నుంచో ములుగు నుంచో బస్తాలేసుకొచ్చిన రైతు చేతికి వచ్చేది మాత్రం వేరు. ఎందుకీ తేడా, ఎవరికెక్కువ? ఆ ప్రశ్న అడగడం రాజకీయ శాస్త్రం నేర్పింది, కొలవడం నేర్పలేదు. అందుకే ఆమెకు ఎకనామిక్స్ కావాలి.

రెండు సీజన్లు యార్డులో తిరిగింది. "మా బిడ్డ సదువుకు గావాలె, మీ తక్‌పట్టీ జర సూపియ్యుండ్రి," అని ఉప్పలయ్య రైతులను బతిమాలేవాడు. అమ్మకం చీటీ అది, ఎవరికి పడితే వాళ్లకు చూపించరు. ఉప్పలయ్య ముఖం చూసి చూపించారు. వెయ్యికి పైగా చీటీలు ఆమె నోట్‌బుక్కుల్లోకెక్కాయి.

లెక్కలు నేర్పింది భానుచందర్. ఎకనామిక్స్ ఎం.ఏ., ఆమె కన్నా రెండేళ్లు పెద్ద. తను బ్యాంకుల మీద పరిశోధనకు అప్లై చేస్తున్నానని చెప్పాడు. నోరారా చెల్లె అని పిలిచేవాడు, వాళ్లింట్లో కడుపునిండా తినేవాడు.

హైదరాబాద్‌లోని ఒక యూనివర్సిటీ ప్రవేశ పరీక్ష ఇద్దరూ గట్టెక్కారు. ఇక ఇంటర్వ్యూ, దానికో పరిశోధన ప్రతిపాదన. అక్కడ యమునకు ధైర్యం చాల్లేదు.

"నా రాత పొలిటికల్ సైన్స్ లెక్కనే ఉంటదన్నా. జర ఎకనామిక్స్ భాషల పెట్టియ్యవా?" అని నోట్‌బుక్కులన్నీ అతని చేతిలో పెట్టింది. తప్పంతా అక్కడే జరిగింది. తన పని మీద కన్నా అతని డిగ్రీ మీద ఆమెకు నమ్మకమెక్కువ.

"ఫికర్ చెయ్యకు చెల్లె, నేను సూసుకుంట," అన్నాడు మహానుభావుడు. పది రోజులకు ఆరు పేజీలు టైపు చేసిచ్చాడు. ఆమె పొంగిపోయింది.

ఇంటర్వ్యూలో పేర్ల వరుసన అతను ముందు, ఆమె ఆఖరు. లోపల ముగ్గురు ప్రొఫెసర్లు. పెద్దాయన ముందు రెండు కాగితాల కట్టలున్నాయి.

"జెండా పాట గురించి పొద్దున్నే భానుచందర్ అనే అబ్బాయి చెప్పాడు. మళ్లీ అదేనా?"

యమున కుర్చీ అంచుకు జరిగింది. "అది నాది సార్," అంది.

మార్కెట్ గురించి ఏది అడిగినా తడుముకోకుండా చెప్పింది. ఆయన ఓపిగ్గా విని, అతని కట్టలో ఏడో పేజీ తెరిచి, ఆ సమీకరణం ఎలా వచ్చిందో బోర్డు మీద చూపించమన్నాడు. ఆమెకిచ్చినవి ఆరు పేజీలే. ఆ సమీకరణం ఆమె ఎన్నడూ చూడలేదు. సుద్దముక్క పట్టుకుని నిలబడిపోయింది.

ఆయన కోప్పడలేదు. కోప్పడినా బాగుండేది. చివరి పేజీ తిప్పి, "యమునంటే నువ్వే కదమ్మా? చీటీలు సేకరించి ఇచ్చినందుకు నీకు కృతజ్ఞతలు రాశాడు. ఆ పని బాగా చేశావు," అన్నాడు. రెండేళ్ల చదువు, తండ్రి బతిమాలడం, రైతుల నమ్మకం, అన్నీ కలిపి ఒక్క వాక్యం.

భానుచందర్ పారిపోలేదు. రెండు చేతుల్లో రెండు చాయ్ గ్లాసులతో బయట ఎదురుచూస్తున్నాడు.

"గట్ల సూడకు చెల్లె. నీది పొలిటికల్ సైన్స్, నీకెట్లాగు సీటియ్యరు. నీ పని పాడుగాకుండ నేను కాపాడిన. నీ పేరు గూడ రాసిన గదా."

తిట్టడానికి నోరు తెరిచేలోపు ఫోన్ మోగింది. ఉప్పలయ్య.

"ఏమన్నరు బిడ్డా? మన చీటీలు మంచిగున్నయన్నరా?"

"మంచిగున్నయన్నరు బాపు."

"భాను పక్కన్నే ఉన్నడా? జర ఫోనియ్యి. మన కోసం గంత కష్టపడ్డడు, ఒక మాట మాట్లాడాలె."

యమున స్పీకర్ నొక్కి ఫోన్ అతని ముందుకు చాపింది. "మాట్లాడన్నా. మా బాపు," అంది.

"హలో, భానూ... హలో," అంటూనే ఉన్నాడు ఉప్పలయ్య. చేతులు ఖాళీ లేవన్నట్టు భానుచందర్ రెండు గ్లాసులూ చూపించాడు.