స్నేహితుడి తరఫున వచ్చిన మనిషి

మనసు బాగాలేనివాళ్లకు నేను కౌన్సెలర్‌ని. వారంలో రెండు రోజులు హిందూపురంలో, రెండు రోజులు పెనుకొండలో, శుక్ర శనివారాలు ధర్మవరంలో కూర్చుంటాను. ఈ ఉద్యోగం మా నాయనకు ఇప్పటికీ అర్థం కాలేదు. చేరిన కొత్తలో "మాట్లాడేదానికి జీతమిస్తారా?" అని అడిగాడు. "మాట్లాడకుండా వినేదానికి ఇస్తారు నాయనా" అన్నాను. నన్ను పైనుంచి కిందికి చూసి "నీకా?" అన్నాడు. నా కోపం సంగతి తెలిసినవాడు కాబట్టి ఇంకేం అనలేదు.

మా దగ్గరికి ఎవరూ సొంత ఊళ్లో రారు. హిందూపురం వాళ్లు ధర్మవరం వస్తారు. పట్టుచీరలు చూడటానికి పోతున్నామని ఇంట్లో చెప్పడం సులువు. ధర్మవరం వాళ్లు హిందూపురం వస్తారు, ఏ వంకతో వస్తారో నాకు తెలియదు. మరీ భయస్తులు మధ్యలో పెనుకొండకు వస్తారు. అక్కడ ఆసుపత్రి బెంచీ మీద తెలిసినవాళ్లే ఎదురుపడతారు. ఇద్దరూ బీపీ చూపించుకోవడానికే వచ్చామని చెప్పుకుంటారు.

ఊరు మారినా భయం పోనివాళ్లు మనిషిని కూడా మారుస్తారు. తమ కోసం కాదు, వేరేవాళ్ల కోసం వచ్చామంటారు. మొదటి ఏడాది ఒకావిడ తన అక్క దిగులు గురించి మూడు వారాలు చెప్పింది. మూడో వారం నాకు ఓపిక పోయింది. "అక్క కాదు, మీరే కదా?" అన్నాను. ఆమె పమిట సర్దుకుని, నమస్కారం పెట్టి వెళ్లిపోయింది. మళ్లీ రాలేదు. ఆమె ఏమైందో తెలుసుకునే దారి కూడా నాకు లేదు. గొప్ప నిజం కనిపెట్టినట్టు ఆ మాట అన్నందుకు ఈనాటికీ సిగ్గుపడతాను.

అందుకే, హిందూపురంలో బట్టల దుకాణం ఉన్న ఒకాయన ధర్మవరం వచ్చి "మా స్నేహితుడొకడు ఉండాడు మేడమ్, వానికి బాగల్యాదు" అన్నప్పుడు నేను పెన్ను తీసి "చెప్పండి" అన్నాను, అంతే. ఆయనకు యాభై ఉంటాయి. ఇస్త్రీ చొక్కా, నుదుట విభూతి. చొక్కా మాత్రం వేరే ఎవరిదో తొడుక్కున్నట్టు వదులుగా ఉంది.

అందరికీ చెప్పినట్టే ఆయనకూ చెప్పాను. ఇక్కడి మాట గోడ దాటదు, కానీ ఎవరి ప్రాణానికైనా ముప్పు అనిపిస్తే ఇంట్లోవాళ్లకు చెప్పక తప్పదు అని. ఆయన తలూపి "వానికి చెప్తాలెండి" అన్నాడు.

స్నేహితుడికి ఒక తమ్ముడుండేవాడట. మూడు నెలల కింద దుకాణం పని మీద మడకశిరకు పోయి రమ్మంటే, జ్వరంగా ఉంది పోలేనన్నాడట. "సాకులు చెప్తాండావని తిట్టి పంపినాడు మా స్నేహితుడు. దోవలో లారీ."

రెండో శుక్రవారం వచ్చి స్నేహితుడికి మాత్రలు కావాలన్నాడు, తానే తీసుకుపోయి ఇస్తానన్నాడు. మాత్రలు రాసేది నేను కాదు, డాక్టరు, ఆయన మనిషిని చూడకుండా రాయడు అన్నాను. "వాడు యాడికీ రాడు మేడమ్" అన్నాడు. సరే, స్నేహితుడు ఏం తింటున్నాడు, ఎంతసేపు పడుకుంటున్నాడు, తమ్ముడి పేరు ఎవరైనా ఎత్తితే ఏం చేస్తాడు, ఇవన్నీ అడిగాను. దేనికీ తడుముకోకుండా చెప్పాడు. అంత దగ్గరి స్నేహం నేనెక్కడా చూడలేదు.

మూడో శుక్రవారం పొద్దున ఆయన కుర్చీ అంచున కూర్చుని, వాచీ విప్పి మళ్లీ పెట్టుకున్నాడు. నేను సూటిగానే అడిగాను.

"మీ స్నేహితుడికి చనిపోవాలనిపిస్తోందా?"

"రెండు మూడు తూర్లు అనుకున్యాడు."

"ఎలా అని కూడా అనుకున్నాడా?"

"అనుకున్యాడు."

ఇంట్లో ఎవరున్నారంటే భార్య అన్నాడు. ఆమెకు తెలుసా అంటే తెలియదన్నాడు. ఆమెతో నేను ఈరోజే మాట్లాడాలి, నంబరివ్వండి అన్నాను. "ఆయమ్మ నంబరు నా దగ్గర ల్యాదు మేడమ్" అన్నాడు.

నాకు చాలా కోపం వచ్చింది. నిజం చెప్పాలంటే అది కోపం కాదు, భయం. నాటకం చాలించండి అంటే ఆయన లేచి వెళ్లిపోతాడు. అనకపోయినా సాయంత్రానికి ఎక్కడుంటాడో తెలియదు. అక్క కోసం వచ్చిన ఆవిడ పమిట సర్దుకోవడం కళ్ల ముందు ఆడింది.

"మీ స్నేహితుణ్ణి ఈ పొద్దు ఒంటరిగా వదలకూడదు. ఆమెకు కబురు అందించగలిగేవాళ్లు మీకు తెలుసు కదా. నా ముందే ఫోన్ చేయండి. ఆమె ఇక్కడికి రావాలి. వచ్చేదాకా మీరూ నేనూ ఇక్కడే కూర్చుందాం" అన్నాను.

ఆయన జేబులోంచి ఫోన్ తీశాడు. తర్వాత నంబరు నొక్కి, "నేనే. ధర్మవరంలో ఉండా. దుకాణం మూసి రా. ఏం కాల్యా, రా" అన్నాడు. అడ్రసు కూడా సరిగ్గా చెప్పాడు.

మిగతా వాళ్లందరినీ శనివారం రమ్మన్నాను. డాక్టరుకు ఫోన్ చేసి మధ్యాహ్నం మనిషిని పంపుతానని చెప్పాను. తర్వాత రెండు గంటలకు పైగా ఆయనా నేనూ ఎదురెదురుగా కూర్చున్నాం. తెప్పించిన ఇడ్లీలో ఒకటి తిన్నాడు. నా చీర చూసి, పట్టు కాదని, దుకాణంవాడు పట్టని చెప్పి అంటగట్టాడని చెప్పాడు. ఆ ముచ్చట ఆయన ఉత్సాహంగానే చెప్పాడు, నేను సంతోషంగానే విన్నాను.

ఆమె ఆటో దిగి లోపలికి వచ్చేసరికి పన్నెండు దాటింది. దుకాణం తాళాలు ఇంకా చేతిలోనే ఉన్నాయి. ఆయన తల దించుకున్నాడు. నేను ఎలా మొదలుపెట్టాలో తెలియక, "మీవారి స్నేహితుడొకాయన..." అన్నాను.

ఆమె ఆయన వైపు చూసి, పక్క కుర్చీ దగ్గరికి జరుపుకుని కూర్చుంది.

"చెప్పండి మేడమ్. ఆయప్ప పెండ్లాన్ని నేనే."

చెప్పాను. అంతా స్నేహితుడి సంగతిగానే చెప్పాను. జ్వరం, తిట్లు, లారీ, రెండు మూడు తూర్లు అనుకోవడం. ఆమె ఒక్కసారి కూడా అడ్డు రాలేదు. అంతా అయ్యాక నాతో కాదు, ఆయనతో మాట్లాడింది.

"జొరమని నాకూ తెల్సు. ఆ పొద్దు నుదురు పట్టి చూసినా. కాలిపోతాండాది. మాత్రొకటి మింగిచ్చి, మీ అన్న అరుస్తాండాడు, పోయి బిరీన వచ్చేయి నాయనా అని సాగనంపింది నేనే."

ఆయన తలెత్తాడు. మూడు శుక్రవారాల్లో ఆయన కళ్లు నేను సరిగ్గా చూసింది అప్పుడే.

"నాకు చెప్పల్యాదే" అన్నాడు.

"మీరు నాతో మాట్లాడి మూణ్ణెల్లాయె" అంది.