పౌలు మామ గీసిన పాదం

లూదియా ఎనిమిదో తరగతితో బడి మానేసింది. ఆళ్ళగడ్డ నుంచి రోజూ బస్సెక్కి నంద్యాలలో ఒక ప్రైవేటు ఆసుపత్రికి ఆయాగా పోయేది. సూదులు ఉడకబెట్టడం, వేయడం అక్కడే నేర్చుకుంది. అందుకే 1984లో షాట్‌పుట్ ఆడే అన్న సామ్యేలు ఐసు ఫ్లాస్కుతో ఇంటికొచ్చి, ఆమెనే అడిగాడు.

"ఏందన్నా ఇది?"

"ఒళ్ళు పెంచే బలం మందు. కోచ్ ఇచ్చినాడు. చచ్చిపోయినోళ్ళ తలకాయల్లోంచి తీస్తారంట."

"నీ తలలో లేనిది వాళ్ళ తలలో ఉన్నిందా?"

"ఎగతాళి చాలుగానీ, సూది ఎయ్యి మే."

మూడు నెలలు వేసింది. ఢిల్లీ పోటీల్లో మూత్రం పరీక్ష చేస్తారని తెలిసి, ఆ రోజంతా ఉపవాసముండి ప్రార్థించింది. ఏమీ దొరకలేదు. "దీన్ని పట్టే పరీక్ష ఇంకా పుట్టలేదంట," అని సామ్యేలు నవ్వుతూ తిరిగొచ్చాడు.

చెప్పులు కుట్టే పౌలు మామ ఏటా క్రిస్మస్ ముందు కాగితం మీద సామ్యేలు పాదం గీసి, పాత గీతతో సరిచూసేవాడు. ఆ ఏడు రెండు కాగితాలూ ఒకదాని మీద ఒకటి పెట్టి ఆగిపోయాడు.

"ఏందప్పా, ఇరవై ఆరేళ్ళకు కాళ్ళు పెరుగుతాండాయే?"

"నీ పెన్సిలు లావైంది మామా."

లూదియా నవ్వలేదు. కొత్త గీత కాగితాన్ని అడిగి తెచ్చుకుని పెట్టెలో దాచింది.

మరుసటి ఏడు ఆసుపత్రిలో డాక్టరు పేపరు చదివి చెప్పాడు. ఆ మందు తీసుకున్నవాళ్ళు కొందరు విదేశాల్లో ఏళ్ళ తర్వాత నడక తూలి, వణికి చచ్చిపోయారట. అక్కడ ఆ మందు అమ్మడమే ఆపేశారట.

"ఒంట్లో ఆ జబ్బుందో లేదో తెలుసుకునే పరీక్ష ఉందా సార్?"

"లేదమ్మా. ఎందుకు?"

ఆమె ఉడుకుతున్న సూదుల వైపు తిరిగింది.

ఆ క్రిస్మస్‌కు సామ్యేలు మళ్ళీ ఫ్లాస్కు తెచ్చాడు. లూదియా విన్నదంతా చెప్పింది. "నేను ఎయ్యనన్నా. ఇప్పటికే మూడు నెలలు నా చేత్తోనే ఎక్కించినా."

"నాకేమైంది చెప్పు? ఏడాది నుంచి ముట్టనే లేదు గదా. ఇదొక్కసారే."

ఆమె పెట్టెలోంచి నిరుటి గీత కాగితం తీసి నేల మీద పరిచింది. "అడుగు పెట్టన్నా."

అతను పాదం మోపాడు. బొటనవేలు గీత దాటి గోరంత ముందుకుంది.

"ఈ ఏడాదంతా నీకు సూది ఎవరు ఏస్తాండారన్నా?"

సామ్యేలు ఫ్లాస్కు చంకన పెట్టుకుని, చెప్పులు వేసుకోకుండానే బయటికి నడిచాడు. అడుగు తూలుతోందా అని లూదియా వీధి మలుపు దాకా చూస్తూ నిలబడింది.