నేను తగలబెట్టిన నీనెవె

ఆ రోజుల్లో విలేకరి ఒకే సాయంత్రం మూడు సభల్లో ఉండగలిగేవాడు. అందులో మహిమేమీ లేదు. మా విశాఖ ఆఫీసు నుంచి పేపరు అచ్చయ్యే ఊరికి వార్తల కవరు సాయంత్రం బస్సుకే వెళ్లిపోవాలి, సభలేమో చీకటి పడితేగాని మొదలు కావు. అందుకని కరపత్రం ముందు పెట్టుకుని మధ్యాహ్నమే సభ జరిపించేసేవాళ్లం. అధ్యక్షుడు ఉద్ఘాటించేవాడు, వక్త పిలుపునిచ్చేవాడు, సభికులు హర్షధ్వానాలు చేసేవారు (ఆ పూట వాన కురిసి సభ ఆగిపోయినా సరే). తమ పేరు తప్పుల్లేకుండా పడితే చాలు, ఎవరూ ఏమీ అనేవారు కాదు.

ఎనభైల మొదట్లో సంగతి. నాకు ఆర్నెల్ల ప్రొబేషన్‌లో అయిదో నెల నడుస్తోంది. ఉద్యోగం ఖాయమైపోయిందని మా నాన్నకు ఉత్తరం కూడా రాసేశాను (ఆ వార్త కూడా ముందే). ఒక శనివారం పోర్టు క్వార్టర్స్ ప్రార్థన మందిరం నుంచి ఆ సాయంత్రం సభకు కరపత్రం వచ్చింది. ‘నీనెవె మీద దేవుని తీర్పు’ అన్నది ప్రసంగాంశం. వక్త పోర్టులో క్రేన్ ఆపరేటరు, అందరూ క్రేన్ మాస్టారు అనేవారు. బైబిల్లో పాత నిబంధన నేనెన్నడూ తెరిచి చూసినవాణ్ణి కాను. సింహాచలం కొండ కింద పెరిగినవాణ్ణి. నాకు తెలిసిన దైవతీర్పు స్తంభం బద్దలు కావడంతో మొదలై పొట్ట చీల్చడంతో ముగిసేది. తీర్పంటే శిక్షే అనుకునే వయసు. అందుకని నీనెవె మీద అగ్నివర్షం కురిపించి, నగరాన్ని బూడిద చేసి, సభికుల చేత కంటతడి పెట్టించి, స్నేహితులతో రుషికొండకు సముద్రస్నానానికి వెళ్లిపోయాను.

సోమవారం మాస్టారు టిఫిన్ క్యారేజీ, మడిచిన పేపరు పట్టుకుని ఆఫీసుకొచ్చారు. రాసిందెవరని అడిగి నా బల్ల దగ్గర నిలబడ్డారు.

“ఏటి బాబూ, నీనెవెని కాల్సీసినావా? దేవుడే ఒగ్గీసినాడు కదా. రాజు కాడి నుంచి గొడ్డూగోదా దాకా పస్తుండి, తప్పొప్పుకుని ఏడిస్తే మనసు మార్సుకున్నాడు. నాను రెండు గంటలు సెప్పిందదే.”

పక్క గదిలోంచి మా న్యూస్ ఎడిటర్ లేచొచ్చారు. కృష్ణా జిల్లా మనిషి. వెళ్లని సభ గురించి మళ్లీ రాస్తే ఇంటికి పంపిస్తానని నన్ను అందరి ముందూ అప్పటికే రెండుసార్లు హెచ్చరించి ఉన్నారు. సంగతి విని, ఒక తెల్లకాగితం తీసి, పెన్ను మూత విప్పారు. “రేపట్నుంచి రానక్కర్లేదయ్యా,” అన్నారు. నాకు మా నాన్న ఊళ్లో ఆ ఉత్తరం ఎవరెవరికి చదివి వినిపించి ఉంటాడో వరసగా కళ్ల ముందు కనిపించింది.

“రాయకండి బాబూ,” అన్నారు మాస్టారు. “ఆ కథలో ఇంకో ముక్కుంది. ఊరు నాశనమైపోద్దని సాటిన ప్రవక్త, ఊరు బతికిపోతే సంతోషించలేదు. తన మాట పోనాదని కోపం. ఊరి బైట కూకుని అలిగినాడు. మీరూ నలుగురి ముందూ ఓ మాటనీసినారు. ఇప్పుడీ కుర్రోడు మిగిలిపోతే మీకూ అలాగే ఉంటాది.”

న్యూస్ ఎడిటర్ మా వైపు తిరిగి, “నేను అలిగే మనిషినా?” అని అడిగారు. డెస్కులో ఒక్కరూ తలెత్తలేదు. ఆయన పెన్ను మూత పెట్టేశారు.

మర్నాడు లోపలి పేజీలో సవరణ పడింది: ‘నీనెవె నగరం దగ్ధమైనట్లు ఆదివారం సంచికలో పొరపాటున ప్రచురించాం. నగరం క్షేమం. చింతిస్తున్నాం.’

నాకు పడిన శిక్ష నాలుగు ఆదివారాలు. మాస్టారి ప్రసంగానికి వెళ్లి, ముందు బెంచీ మీద కూర్చుని, చివరిదాకా విని, నోట్సు తెచ్చి చూపించాలి. మందిరమంతా నన్ను చూపించి నవ్వుతారని, మొదటి వారమే బస్సులో ఒక గట్టి జవాబు తయారు చేసుకున్నాను. రెండో వారం దానికి మెరుగులు దిద్దాను. నాలుగు వారాలూ మాస్టారు నన్ను చూసి తలూపారే గాని నీనెవె పేరైనా ఎత్తలేదు. చివరి ఆదివారం బస్సు దిగుతూ, అంత మంచి జవాబు వృథా అయిపోయిందని ఆయన మీద అలిగాను. అలా అలిగి ఇంటిదాకా నడిచిన ఆ కుర్రవాడి పక్కన ఇప్పుడు కాసేపు నడవాలనిపిస్తుంది, ఏమీ చెప్పకుండా.